మేక పేరున్న డబ్బా

ముందే చెప్పేస్తున్నాను, నాకు కాస్త పెంచి చెప్పే అలవాటుంది. కాస్త అన్నాను చూశారా, నా జన్మలో నేను తగ్గించి చెప్పిన మాట అదొక్కటే. ఇంట్లో నేను ఏ అంకె చెప్పినా మా ఆవిడ దాన్ని మూడుతో భాగించి వింటుంది. బస్సులో రెండు వందల మంది ఉన్నారంటే అరవై అనుకుంటుంది, అందులోంచి కూడా ఓ పదిమందిని తన వంతుగా దించేస్తుంది. మీరూ అలాగే చదువుకోండి. పెంచడం వేరు, కల్పించడం వేరు. పెంచడానికి నాకు సిగ్గు లేదు. కల్పించింది మాత్రం ఇందులో ఒక్కటే ఉంది, అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

నా ఉద్యోగం పేరు ఫైనాన్షియల్ వెల్‌బీయింగ్ కోచ్. ఆ పేరు విజిటింగ్ కార్డు మీద పట్టక వెనక్కి తిరిగి మిగతా సగం అటువైపు పూర్తయింది. బిడ్డ పుట్టబోయే ఇళ్లకూ, కొత్తగా పుట్టిన ఇళ్లకూ వెళ్లి, రాబోయే ఖర్చులేమిటి, కూలికి పోలేని నెలల్లో ఇల్లెలా నడవాలి, సర్కారు నుంచి రావలసినవేమిటి, వాటికి ఏ కాగితాలు కావాలి, వడ్డీకి తేకుండా ఎలా గట్టెక్కాలి అని కూర్చుని మాట్లాడటం నా పని. జీతమిచ్చేది ఒక చిన్న సంస్థ. ఉండేది ఖమ్మంలో, తిరిగేది భద్రాచలం దారిలో అడవి మొదలయ్యే ఊళ్లలో. నా స్కూటరు దిగని గుంత ఆ దారిలో ఇంకా తవ్వలేదు. ఊళ్లలో నా పేరు పైసల సారు. నేను పైసలిచ్చే సారును కాదని తెలిశాక కూడా జాలిపడి ఆ పేరే ఉంచారు.

మొదటి ఆరు నెలలు నన్ను ఏ ఇంట్లోనూ సరిగ్గా కూర్చోనివ్వలేదు. మా వైపు బిడ్డ భూమ్మీద పడేదాకా బిడ్డ కోసం ఏదీ కొనరు. ఉయ్యాల తేరు, చొక్కా కుట్టించరు, పాత చీర చింపి పొత్తిగుడ్డలు కూడా చెయ్యరు. ముందే సిద్ధం చేస్తే ఎవరి కన్నో పడుతుందని భయం. అలాంటి ఇళ్లకి నేను రంగురంగుల చార్టు పట్టుకుని వెళ్లి, "పుట్టబోయే బిడ్డ కోసం నెలకింత" అని మొదలుపెట్టేవాణ్ని. ఆ మాట పూర్తయ్యేలోపు అత్తలు లేచేవాళ్లు. ఒకావిడ నా చార్టుకి ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకి మూడూళ్ల జనం తుమ్మారు. ఇంకొకావిడ నేను కూర్చున్న కుర్చీని కడిగింది. నేను ఇంకా అందులోనే ఉన్నాను.

చివరికి ఒక ఉపాయం దొరికింది. బిడ్డ పేరెత్తకుండా దాచడం. ఏదో ఒక వస్తువు పేరు చెప్పి డబ్బాలో వేయమన్నాను. ఒకింట్లో కుట్టుమిషన్ డబ్బా, ఒకింట్లో పైకప్పు రేకుల డబ్బా, ఒకింట్లో బోరు మోటారు డబ్బా. ఎవరడిగినా మిషన్ కోసం అనాలి, మోటారు కోసం అనాలి. అసలు సంగతి ఆలుమగలిద్దరికీ నాకూ తప్ప నాలుగో చెవికి తెలియకూడదు. బ్యాంకు ఎందుకు కాదంటారా, వాన పడితే బ్యాంకు ఉన్నది వాగు అవతల.

ఆఫీసుకి పంపే ఫారంలో 'పొదుపు లక్ష్యం' అని ఒక గడి ఉంటుంది. నేను నిజాయితీపరుణ్ని కాబట్టి డబ్బా మీద ఏముందో అదే రాసేవాణ్ని. ఒకరోజు హైదరాబాదు నుంచి మా మేనేజరు మేడం ఫోన్ చేసింది.

"ఏమండీ, మీ ఏరియాలో గర్భిణులంతా మేకలూ మోటార్లూ ఎందుకు కొంటున్నారు? ఒక్కరికీ కాన్పు గురించి ఆలోచన లేదా?"

"అందరికీ అదే ఆలోచన మేడం. అందుకే మేక అని రాశాను."



ఈ ముచ్చట ఆ మేక డబ్బా వాళ్లదే. అతను ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆమె ఐదో నెల దాకా మిర్చి ఏరడానికి కూలికి పోయింది. తల్లి లేని పిల్ల, కాబట్టి మొదటి కాన్పుకి పుట్టింటికి పోయే దారి లేదు, అన్నీ అత్తగారింట్లోనే. ఇంట్లో మూడో మనిషి ఆ అత్త. ఆమెను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. ఆమె వాకిట్లో నిలబడి కోళ్లను పిలిస్తే చండ్రుగొండ సంతలో కోళ్లు కూడా తల తిప్పుతాయి. పట్టింపులో నా చార్టు కాల్చినావిడ ఈమె ముందు చిన్నపిల్ల. అందుకే ఈమెకు డబ్బా సంగతి చెప్పకూడదనుకున్నాం. కోడలు ఒక పాత పాలపొడి డబ్బా మీద చాక్‌పీసుతో 'మేక' అని రాసి అటక మీద పెట్టింది. వారానికి ఐదు వందలు అందులో పడేవి.

ఎనిమిదో నెలలో స్కానింగు చేస్తే బిడ్డ అడ్డంగా ఉందని తేలింది. నొప్పులొచ్చాక బయల్దేరితే ఆలస్యమవుతుంది, పది రోజులు ముందే భద్రాచలం వచ్చి దవాఖానాకి దగ్గర్లో ఉండమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. వానాకాలం. ఊరికీ రోడ్డుకీ మధ్య వాగుంది. సర్కారు బండి పిలిస్తే వస్తుంది, కానీ వాగు పొంగితే అవతలి ఒడ్డునే ఆగిపోతుంది. దవాఖానాలో పెద్ద ఖర్చేమీ లేదు. దవాఖానా చుట్టూ ఉన్నదే ఖర్చు: గది కిరాయి, ముగ్గురి తిండి, అన్ని రోజులు ఆటో తిరగకపోయినా కట్టాల్సిన ఆటో కిస్తీ. డబ్బాలో ఏడువేలు జమయ్యాయి. సరిగ్గా సరిపోతాయి. కాన్పుకి పది రోజులుందనగా, శుక్రవారం పొద్దున బయల్దేరాలని ఆలుమగలూ నేనూ అనుకున్నాం.

ఆ ముందు బుధవారం సంత. నేను ఆ రోజు ఖమ్మంలో ఆఫీసు మీటింగులో ఇరుక్కుపోయాను, లేకపోతే ఆ ఘోరాన్ని నా రెండు చేతులూ అడ్డం పెట్టి ఆపేవాణ్ని. మధ్యాహ్నం ఆటో అబ్బాయి ఫోన్ చేశాడు.

"సార్, మేకొచ్చింది."

"ఏ మేక?"

"మన మేకే సార్. డబ్బాల మేక."

"డబ్బాలో మేకేమిటయ్యా?"

"అమ్మ అటక మీద డబ్బా తీసుకోని సంతకు పోయిందంట సార్. ఇప్పుడే మేకను తోలుకోనొచ్చింది. డబ్బాల యాభై రూపాయలున్నయ్."

గురువారం పొద్దున్నే స్కూటరెక్కాను. దారి పొడుగునా మబ్బులు నా నెత్తి మీదే వచ్చాయి. వెళ్లేసరికి వాకిట్లో మేక. నల్లది, ఒక చెవి మాత్రం తెల్లది. దూడంత ఉంది. దాన్ని గుంజకి కట్టేశారని మీరనుకుంటారు, నాకు మాత్రం ఇంటినే దానికి కట్టేసినట్టు కనిపించింది. ఆటో అబ్బాయి మేకకేసి చూస్తున్నాడు, మేక నాకేసి చూస్తోంది. కోడలు తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుని ఉంది, ఏడుపో నవ్వో తెలియలేదు. ఆమెకు కూడా తెలిసినట్టు లేదు.

"రా సారూ," అంది పెద్దమ్మ. "చూసినవా మేకను?"

"చూశాను పెద్దమ్మా. బాగుంది."

"బాగుండక ఏంది. సంతల అందరి కండ్లు దీని మీదనే. బేరం కూడా మంచిగయింది. మూడు వందలు తగ్గిచ్చిండ్రు."

"ఇప్పుడు మేక ఎందుకు కొన్నావు పెద్దమ్మా?"

"గిదేం మాట. కడుపుతోని ఉన్న పిల్ల, మూడు నెలల సంది మేక మేక అనుకుంట పైస పైస దాస్తుంది. దానికి తల్లుంటే కొనియ్యకపోవునా? కడుపుల ఉన్నప్పటి కోరిక తీర్చకుంటే పుట్టే బిడ్డకు చెవుల చీము కారతదంటరు. నేను బతికుండంగ గట్ల కానిస్తనా?"

ఏమంటాను. డబ్బా మీద పేరు చూసింది, కోడలి కోరిక అనుకుంది, పాపం సంత దాకా నడిచి వెళ్లి తెచ్చింది. ఆమె తప్పు గోరంత కూడా లేదు. తప్పంతా గుంజకి కట్టేసి ఉంది, గడ్డి తింటోంది.

అబ్బాయి నన్ను పక్కకి పిలిచాడు. "మళ్ల సంత వచ్చే బుధవారమే సార్. ఊళ్లె అమ్ముదామంటే సగానికి అడుగుతున్నరు. పొద్దటి సంది తిరుగుతున్న. నూటికి పది వడ్డీకయితే ఒకాయన ఇస్తా అన్నడు."

ఆ వడ్డీ మాట వినగానే నా కార్డు మీద రెండువైపులా ఉన్న ఉద్యోగం పేరు రాలిపోయినట్టనిపించింది. వాళ్లు ఆ గుమ్మం తొక్కకూడదనే కదా మూడు నెలలుగా నేను ఈ గుమ్మం తొక్కింది.

"మీరే చెప్పాలె సార్," అని తలుపు చాటు నుంచి కోడలు మెల్లగా అంది. "మాయన నోరు తెరవడు. నేను చెప్తే అత్త తట్టుకోదు. మేక అని పేరు పెట్టమన్నది మీరే గద."

పెద్దమ్మ ఎదురుగా మంచం మీద కూర్చున్నాను. వానల గురించి మాట్లాడాను. మిర్చి రేటు గురించి మాట్లాడాను. మేక వంశవృక్షం గురించి కూడా కొంత మాట్లాడాను. ఆమె విని విని, "సారూ, నువ్వు చెప్పొచ్చింది గది కాదు గాని, అసలుది చెప్పు," అంది.

"పెద్దమ్మా, ఆ డబ్బా మేకది కాదు."

"మరెవరిది?"

"ఇంకా రాని మనిషిది."

 మేక నమలడం ఆపింది. నేను అన్నీ చెప్పాను: బిడ్డ అడ్డం ఉండటం, డాక్టరమ్మ మాట, వాగు, గది కిరాయి, శుక్రవారం. బిడ్డ సంగతి మాత్రం ఆమెకు సగమే తెలుసు. భయపడుతుందని కొడుకు మిగతా సగం మింగేశాడు.

"అంటే కాన్పుకు దాసిండ్రు."

"అవును."

"నాకు చెప్పకుండ."

"ముందే దాయొద్దంటావని."

"అంట. ఇప్పుడు గూడ అంట."

అబ్బాయికి అప్పుడు నోరొచ్చింది. "సారునెందుకంటవే అమ్మా. ఎవర్ని అడిగి తెచ్చినవ్ మేకను?"

పెద్దమ్మ నాకేసి ఒక చూపు చూసింది. చాలా పొడుగు చూపు, ఖమ్మం నుంచి భద్రాచలం దాకా పరిచినా ఇంకా మిగులుతుంది. ఎందుకలా చూసిందో నాకు అర్థం కాలేదని ప్రస్తుతానికి రాసుకుందాం.

"నేనే తెచ్చిన. ఎవర్నేం అనకు," అని కొడుకుతో అని లోపలికి వెళ్లింది.

తిరిగొచ్చేటప్పుడు ఆమె చంకలో తెల్ల గుడ్డ చుట్టిన బిస్కెట్ల డబ్బా ఉంది. మంచం మీద పెట్టి గుడ్డ విప్పింది. లోపల నాలుగు చిన్న మూటలు, ఒక్కో మూటకి ఒక్కో రంగు దారం.

"ఇది నా డబ్బా," అంది. "నేను పోయిన్నాటికి. గిది కట్టెలకు. గిది డప్పులోళ్లకు. గిది కొత్త బట్టకు, పూలకు. గీ పెద్దది దినాల నాడు కూరకు. మా ఆయన పోయినప్పుడు ఇంట్ల ఏం లేకపోతే ఊరంత తిరిగి తెచ్చిండ్రు. నాకు గట్ల కావద్దని ఏడేండ్ల సంది దాస్తున్న."

 ఖర్చును ముందే విడగొట్టి దేని డబ్బు దానికే పెట్టుకోవడం నేర్పడానికి మా సంస్థ నాకు పన్నెండు ట్రైనింగులిచ్చింది. దాన్నే నేను చార్టుగా వేసుకుని తిరిగాను. ఏ అత్తకు భయపడి ఆ చార్టును బయటికి తియ్యలేదో ఆమె ఇంట్లోనే అది రంగు దారాలతో సహా ఉంది.

"పెద్దమ్మా, బిడ్డకు ముందే దాస్తే దిష్టి. మరి దీనికి తగలదా?"

"పోయేదానికి దిష్టేంది సారూ. దాన్ని చూసి ఎవడు కుళ్లుకుంటడు?"

ముప్పై ఏళ్లుగా మాటలతోనే బతుకుతున్నాను. ఆ మాటను మాత్రం అక్కడే నా ఫారం వెనక రాసుకున్నాను.

ఆమె నాలుగు మూటలూ కోడలి ఒళ్లో పెట్టబోయింది. కోడలు చేతులు వెనక్కి పెట్టుకుంది. "అత్తా, అది ముట్టద్దు. రేపు నీకేమన్న అయితే?"

"అయితే మేకుంది గద. దినాల నాడు కోసి పెట్టుండ్రి. కూర ఖర్చు నేను ముందుగల్లనే కొని కట్టేసిన అనుకో. కట్టెలు అడివిల లేవా? ఇప్పుడల్లా పోను గాని, జల్దీ బట్టలు సదురుకో."

శుక్రవారం పొద్దున ట్రాలీలో పరుపేసి ముగ్గురూ బయల్దేరారు. ముగ్గురనడం తప్పు. మేకను ఎవరు చూస్తారని పెద్దమ్మ దాన్ని కూడా ఎక్కించింది. నేను స్కూటరు మీద వెనకే వెళ్లాను. వాగులో నీళ్లు చీలమండ దాకానే ఉన్నాయి. భద్రాచలంలో గది ఓనరు మేకను చూసి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"మనుషులకే కిరాయి చెప్పిన. మేకకు చెప్పలె."

"మేకకు కిరాయేందయ్యా," అంది పెద్దమ్మ. "అది నా దినాల కూర. కూరకు కూడా కిరాయి తీసుకుంటవా?"

ఆయన పక్కకి తప్పుకున్నాడు. ఇలాంటి మాటకి ఏ ఓనరైనా తప్పుకుంటాడు.

శనివారం వాగు పొంగింది. తాటిచెట్టంత లేచింది. తాటిచెట్టును మీరు మూడుతో భాగించుకోండి, కానీ మూడు రోజులు ఒక్క బండి కూడా దాటలేదన్నది మాత్రం భాగించకుండా అలాగే ఉంచండి. ఆదివారం పొద్దున, అనుకున్నదానికంటే వారం ముందే, నొప్పులు మొదలయ్యాయి. గది నుంచి దవాఖానాకి నాలుగడుగులు. నడిపించుకుంటూ తీసుకెళ్లారు.

నేను ఖమ్మంలో మా ఇంట్లో పళ్లెం ముందు కూర్చుని ఉన్నాను. అన్నం కలుపుతున్నాను, తినడం లేదు. కలిపింది కలిపినట్టే గోడకి పూసే సున్నంలా తయారయింది. రెండింటికి ఫోన్ మోగింది. పెద్దమ్మ గొంతు, ఫోన్ లేకుండానే వినిపించేది.

"సారూ, ఆడపిల్ల. ఆపరేషన్ చేసిండ్రు. రెండున్నర కిలోలుంది. తల్లీ పిల్లా ఇద్దరు మంచిగున్నరు."

నా నడుము దానంతటదే గోడకి ఆనుకుంది. ఎన్ని రోజులుగా దాన్ని నిటారుగా పట్టుకుని ఉన్నానో అప్పుడు తెలిసింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి అడిగింది, "ఎంత బరువు పుట్టింది?"

"రెండున్నర కిలోలు."

ఆమె లోపల లెక్క మొదలుపెట్టడం మొహంలోనే కనిపించింది.

"దీన్ని భాగించకు," అన్నాను.

ఆమె భాగించలేదు. ఆ సున్నాన్ని తీసేసి వేడన్నం వడ్డించింది. రెండోసారి పెట్టించుకుని తిన్నాను.

ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేస్తున్నామంటే వెళ్లాను. మేక వాకిట్లోనే ఉంది, భద్రాచలం నీళ్లకి ఇంకాస్త పెరిగింది. పెద్దమ్మ డబ్బాలో మళ్లీ ఒక మూట పడింది, కోడలే వేసిందట. కూర మూట మాత్రం మేక ఉంది కాబట్టి అక్కర్లేదని పెద్దమ్మ కట్టనివ్వలేదు. ఆమె ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల అత్తలకి పాఠం చెబుతోంది. "కాన్పుకు దాయొద్దు. మీ చావుకని దాయుండ్రి, కాన్పుకు వాడుకోండ్రి," అంటోంది. నేను ఆరు నెలలు చార్టు పట్టుకు తిరిగినా దారికి రాని ఇళ్లు ఆమె ఒక్క మాటతో వస్తున్నాయి. డబ్బా చీటీలు మారాయి, ఫారాలు మారాయి. మొన్న మళ్లీ హైదరాబాదు నుంచి ఫోన్.

"ఏమండీ, మీ ఏరియాలో పొదుపు లక్ష్యం అన్నిచోట్లా అత్తగారి అంత్యక్రియలు అని వస్తోంది. అక్కడ కోడళ్లకి మీరేం నేర్పుతున్నారు?"

మేడంకి ఈ ముచ్చట మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. చెబుతున్నప్పుడే తెలిసింది, దీన్ని రాసి పెట్టాలని.

ఇక మాట ఇచ్చాను కాబట్టి చెబుతాను. తాటిచెట్టు, దూడ, చండ్రుగొండ కోళ్లు, ఇవన్నీ పెంచినవి. మేక భద్రాచలం వెళ్లడం మీరు నమ్మి ఉండరు, అది అక్షరాలా నిజం. కల్పించింది ఒక్కటే. ఆ బుధవారం నేను ఖమ్మంలో మీటింగులో లేను. మీటింగే లేదు. నేను ఆ సంతలోనే, మిరపకాయ బజ్జీల బండి దగ్గర నిలబడి ఉన్నాను. పెద్దమ్మ డబ్బా చంకలో పెట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"సారూ, మా ఇంటికి వస్తపోతుంటవ్, నీకు తెల్సుండాలె. కోడలు దీన్ని మేకకే దాస్తుంది గద?"

చుట్టూ జనం. కాదంటే మరి దేనికో చెప్పాలి. మొదటి బజ్జీ ఇంకా నోట్లోనే ఉంది. "అవును పెద్దమ్మా," అన్నాను. ఆ రెండు మాటలతో ఆగినా బాగుండేది. "అయితే జర బేరం చెయ్యి," అంది. చేశాను. తెల్ల చెవి దాన్ని ఏరింది నేనే. మూడు వందలు తగ్గించింది నేనే. నా జన్మలో అంత బాగా బేరం ఎప్పుడూ చెయ్యలేదు. సాయంత్రం అబ్బాయికి ఫోన్ చేసి చెబుదామనుకున్నాను, ఈలోపు అతనే చేశాడు. "ఏ మేక?" అని నేను అడగడం నిజం. దాన్ని ఎంత అమాయకంగా అడిగానో మీరు వినాల్సింది.

ఆ గురువారం ఆమె నాకేసి చూసిన చూపు అదీ. ఒక్క మాట అంటే చాలు, తప్పు నా నెత్తి మీదికి వచ్చేది. నేనే తెచ్చిన అంది.

ఉయ్యాల రోజున జనం సద్దుమణిగాక ఆమె పక్కన కూర్చున్నాను. "పెద్దమ్మా, సంత సంగతి వాళ్లకి చెప్పలేదేం?" అన్నాను.

"చెప్తే నిన్ను మళ్ల ఇంట్లకు రానిస్తరా? నువ్వు రాకపోతే పిల్లకు రావాల్సిన పైసల కాగితాలు ఎవడు నింపుతడు?" అంది. మేకకేసి చూసింది. "ఏమాటకామాట సారూ, మేకనైతే మంచిగనే ఏరినవ్."

ఇది అచ్చయ్యాక కోడలు చదువుతుంది, మొగుడికి వినిపిస్తుంది. వచ్చే మంగళవారం ఆ ఇంటికి నేను వెళ్లాల్సి ఉంది. వెళ్తాను.